డయామాక్స్ 250: నాలుగు రోజుల పనికి భేష్, నాలుగు నెలలకైతే ఆలోచించాలి

లేహ్ టూర్ బుక్ చేసుకున్నవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో, శుక్లాల ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చినవాళ్ళ మందుల కవర్లో ఒకే బిళ్ళ కనిపిస్తుంది. మందు పేరు ఎసిటజోలమైడ్, బిళ్ళ 250 మి.గ్రా. డయామాక్స్ అనేది పాత బ్రాండు, అందరి నోటా నలిగిన పేరు. జెనరిక్‌లూ ఉన్నాయి. ఐయోపార్ ఎస్ఆర్ లాంటివి మాత్రం మందును నెమ్మదిగా వదిలే రకం, వాటి లెక్క వేరు. 1950ల నుంచి వాడుకలో ఉన్న మందు ఇది. నీటికాసుల (కంట్లో ప్రెజర్ పెరిగే గ్లకోమా జబ్బు) మందుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఇప్పటికీ ఉంది.

ముందే తీర్పు చెప్పేస్తే: కొద్ది రోజుల పనికి ఇంత నమ్మకమైన మందులు తక్కువ. అదే మందును నెలల తరబడి లాగితే మంచి కన్నా చికాకే ఎక్కువ కావచ్చు. ఒక్క జబ్బులో తప్ప. ఆ ఒక్కటి ఏమిటో కింద ఉంది.

ఎందుకిలా అంటే మందు పనిచేసే తీరే అంత. ఒంట్లో తయారయ్యే కార్బన్ డయాక్సైడ్ నీటితో కలిసి బైకార్బొనేట్‌గా మారాలి. ఆ పనిని పరుగులు పెట్టించే ఎంజైమ్ కార్బోనిక్ అన్‌హైడ్రేజ్. దీనిలో చురుకైన రకం ఒక్కో అణువూ సెకనుకు సుమారు పది లక్షల సార్లు ఆ పని చేసేస్తుంది. ఎంజైమ్ నడిమధ్య ఒక జింక్ అణువు ఉంటుంది. డయామాక్స్ పోయి దాని మీద కూర్చుంటుంది, యంత్రం ఆగుతుంది. చిక్కేమిటంటే ఈ ఎంజైమ్ ఒంట్లో కొల్లలు. నూటికి తొంభై ఆపినా మిగతా పదీ పని లాక్కొచ్చేస్తాయి. కంట్లో తేడా కనిపించాలంటే 99 శాతం పైగా ఆగాలి. కంటి డాక్టరు ఆరు గంటలకొకటి అని రాస్తే, మధ్యాహ్నం బిళ్ళ మర్చిపోయి "రెండు వేశాను కదా" అనుకోవడం అందుకే కుదరదు.

కిడ్నీలో ఈ ఎంజైమ్ ఆగితే బైకార్బొనేట్ మూత్రంలో పోతుంది, దానితో సోడియమూ నీళ్ళూ పోతాయి. రక్తం కాస్త ఆమ్లం వైపు జరుగుతుంది. రెండు మూడు రోజులకు రక్తంలో బైకార్బొనేట్ తగ్గిపోయి, బయటికి పంపడానికి ఇక పెద్దగా మిగలదు. నీళ్ళు లాగే గుణం అక్కడితో సన్నగిల్లుతుంది. అంటే నీళ్ళ మాత్రగా ఇది తన పని తానే ఆపేసుకుంటుంది. వాపులకు దీన్ని నెలల తరబడి వాడకపోవడానికి ఇదే కారణం. ఇంతకన్నా మంచి కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ మందు కోసం వెతుకుతూనే 1950ల చివర్లో క్లోరోథయజైడ్‌ను పట్టుకున్నారు. ఇవాళ ఇంటింటా ఉన్న బీపీ బిళ్ళల్లో ఒక కుటుంబం అలా పుట్టింది.

కొండల మీద

జనం సొంతంగా కొనేది ఎక్కువగా ఎత్తు జబ్బుకే, అంటే ఎత్తైన చోట తలనొప్పితో మొదలయ్యే ఇబ్బందికే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. ఎత్తుకు పోతే గాలిలో ఆక్సిజన్ పలచబడుతుంది. ఎక్కువగా ఊపిరి తీసుకోవాలని శరీరానికి తెలుసు, కానీ అలా తీసుకుంటే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి రక్తం క్షారం వైపు జరుగుతుంది. మెదడు వెంటనే బ్రేకు వేస్తుంది. కిడ్నీలు బైకార్బొనేట్ పారబోసి ఆ బ్రేకు వదిలించడానికి మామూలుగా కొన్ని రోజులు పడుతుంది. డయామాక్స్ ఆ పనిని ఒక రోజులో మొదలుపెట్టిస్తుంది. అంటే ఎత్తుకు అలవాటు పడే ప్రక్రియనే ముందుకు తోస్తుంది తప్ప, తలనొప్పిని కప్పిపుచ్చదు. "డయామాక్స్ వేసుకుంటే జబ్బు లోపల ముదురుతుంది, పైకి తెలియదు" అనే మాటలో నిజం లేదు. మానేస్తే జబ్బు ఎదురుతిరుగుతుందనేదీ అంతే.

మోతాదు: పెద్దవాళ్ళకు 125 మి.గ్రా. రోజుకు రెండుసార్లు. అంటే 250 బిళ్ళలో సగం పొద్దున, సగం సాయంత్రం. ఎక్కే ముందు రోజు మొదలుపెట్టాలి. అన్నిటికన్నా ఎత్తులో పడుకునే చోటికి చేరాక ఇంకో రెండు రోజులు, లేదా దిగడం మొదలయ్యే దాకా, ఏది ముందైతే అది. పిల్లలకు బరువును బట్టి డాక్టరే లెక్కకట్టాలి, పెద్దల బిళ్ళను అందాజాగా విరిచి ఇచ్చే పని కాదు.

పాత ప్రిస్క్రిప్షన్లలో 250 రెండుసార్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కూడా కనిపిస్తుంది. నివారణకు అంత అక్కర్లేదు. ఎవరెస్టు దారిలో బుద్ధ బస్నేత్ బృందం చేసి 2006లో ప్రచురించిన పేస్ పరీక్షలో 125 రెండుసార్లు, 375 రెండుసార్లు పోల్చి చూశారు. జబ్బు ఆపడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు, తిమ్మిర్లు మాత్రం పెద్ద మోతాదులో ఎక్కువ. ఇక మూలికల మందు చాలంటూ జింకో బిళ్ళలు అమ్మేవాళ్ళకు 2004లో బీఎంజే అనే బ్రిటన్ వైద్య పత్రికలో వచ్చిన నేపాల్ పరీక్ష జవాబు చెప్పేసింది. 614 మంది ట్రెక్కర్లను నాలుగు గుంపులు చేశారు. ఎత్తు జబ్బు ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవాళ్ళలో 34 శాతం మందికి, జింకో వేసుకున్నవాళ్ళలో 35 శాతం మందికి వచ్చింది. ఎసిటజోలమైడ్ వేసుకున్నవాళ్ళలో 12 శాతమే.

ఎవరికి కావాలి, ఎవరికి అక్కర్లేదు అనేది మీరు దాటే కనుమ ఎత్తును బట్టి కాదు, పడుకునే చోటు ఎత్తును బట్టి. టూర్ ప్యాకేజీ చూసేటప్పుడు చాలామంది తప్పుచేసేది ఇక్కడే. ఖార్దుంగ్ లా 5,359 మీటర్లు అనగానే భయపడతారు, కానీ అక్కడ ఫోటోలు దిగి అరగంటలో కిందికి పోతారు. నుబ్రాలో పడుకునే హుందర్ లేహ్ కన్నా కిందే ఉంది. అసలు పరీక్ష రెండు చోట్ల. ఒకటి, ఢిల్లీ నుంచి విమానంలో నేరుగా 3,500 మీటర్ల లేహ్‌లో దిగడం. రెండోది, రెండో రోజో మూడో రోజో పాంగాంగ్ ఒడ్డున 4,200 మీటర్ల పైన టెంట్లో పడుకోవడం. విమానంలో లేహ్ పోయేవాళ్ళకు డయామాక్స్ మంచి ఆలోచనే. పాంగాంగ్ రాత్రిని ప్యాకేజీలో వీలైనంత వెనక్కి జరిపించుకోవడం దానికన్నా మంచి ఆలోచన. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలి. బిళ్ళ ఈ లెక్కకు తోడే తప్ప దానికి బదులు కాదు.

కేదార్‌నాథ్ 3,583 మీటర్లు. హెలికాప్టర్‌లో పోయి దర్శనం చేసుకుని అదే రోజు దిగేవాళ్ళకు సాధారణంగా అవసరం పడదు, ఎత్తు తలనొప్పి మొదలవడానికే ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది మరి. గౌరీకుండ్ నుంచి నడిచి పోయి పైన రాత్రి ఉండేవాళ్ళు, అందులోనూ వెనక ఎప్పుడైనా ఎత్తులో ఇబ్బంది పడ్డవాళ్ళు డాక్టరును అడగాలి. అమర్‌నాథ్ గుహ 3,888 మీటర్లు. పహల్గామ్ దారిలో రెండు రాత్రులు 3,500 దగ్గరా ఆ పైనా గడుస్తాయి, బల్తాల్ దారిలో ఒక్క రోజులో ఎక్కి దిగేస్తారు. కైలాస యాత్ర సంగతి పూర్తిగా వేరు. ఖాట్మండు 1,400 మీటర్లు, టిబెట్‌లోని సాగా సుమారు 4,500, పరిక్రమలో డోల్మా లా కనుమ 5,630. యాత్రికుల్లో అరవై దాటినవాళ్ళు, బీపీ షుగర్ ఉన్నవాళ్ళు ఎక్కువ. వాళ్ళు క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష) చేయించుకోకుండా పక్కవాళ్ళ స్ట్రిప్ నుంచి బిళ్ళ తీసుకుని వేసుకోవడం అసలు మంచిది కాదు.

ఎన్ని బిళ్ళలు కొనాలి? ఆదివారం మొదలు, సోమవారం లేహ్, శనివారం తిరుగు ప్రయాణం అనుకోండి. ఎక్కువలో ఎక్కువ ఏడు రోజులు, రోజుకు రెండు సగాలు, అంటే ఏడు బిళ్ళలు. జబ్బు నిజంగా వస్తే మోతాదు 250 రెండుసార్లకు పెరుగుతుంది, దానికోసం ఇంకో నాలుగు. మొత్తం పదకొండు. మనిషికి నలభై బిళ్ళలు రాయించుకుని పోనక్కర్లేదు. గీత ఉన్న బిళ్ళే అడగండి. బిళ్ళను బ్లేడుతో కోస్తే ముక్కలవుతుంది. గీత పైకి వచ్చేలా రెండు బొటనవేళ్ళతో నొక్కితే సరిగ్గా విరుగుతుంది, లేదా మందుల షాపులో దొరికే పిల్ కట్టర్ వాడండి. మిగిలిన సగాన్ని స్ట్రిప్‌లోని అదే గుంతలో పెట్టి మడిచి, సాయంత్రం అదే ముందు వాడేయండి.

సాయంత్రం సగాన్ని పడుకునే ముందు కాకుండా ఐదారు గంటలకే వేసుకోవాలి. లేకపోతే మైనస్ చలిలో టెంట్ జిప్పు తీసుకుని మూడుసార్లు బయటికి పోవాలి. అలాగని సాయంత్రం మోతాదు ఎగ్గొట్టకండి. ఎత్తులో నిద్రపోతుంటే ఊపిరి కాసేపు ఆగి, ఒక్కసారిగా ఎగపీల్చినట్టయి ఉలిక్కిపడి లేస్తారు చూడండి, దాన్ని తగ్గించేది ఆ మోతాదే.

ఇది ఆపలేనివి కూడా చెప్పాలి. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరే జబ్బును ఆపుతుందని దీన్ని నమ్ముకోవడానికి లేదు. కూర్చున్న చోటే ఆయాసం, తడి దగ్గు వస్తే, లేదా నేల మీద గీత గీసి మడమ ముందు మడమ పెట్టి నడవమంటే తూలిపోతుంటే, ఆ మనిషిని దించాలి. రాత్రైనా సరే. అప్పటి మందులు వేరే, డెక్సామెథసోన్, నిఫెడిపిన్, ఆక్సిజన్, అవి తెలిసినవాళ్ళ చేతుల్లో ఉండాలి. దించకుండా ఇంకో డయామాక్స్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవడమే ప్రాణం మీదికి తెచ్చేది.

గోలీ సోడా పరీక్ష

మందు ఒంటికి పట్టిందనడానికి గుర్తులు మొదటి రోజే తెలుస్తాయి. వేళ్ళ చివర్లు, పెదవుల చుట్టూ, అరికాళ్ళు జివ్వుమంటూ చీమలు పాకినట్టుంటాయి. కాసేపు వచ్చి పోతుంటాయి. ఒక పక్క చెయ్యీ కాలూ మాత్రమే మొద్దుబారితే అది ఈ మందు పని కాదు, వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి. రెండు చేతులకూ ఒకేలా జివ్వుమంటే కంగారు పడకండి, మందు ఆపితే పోతుంది.

రెండో గుర్తు నాలుక మీద. గోలీ సోడా తాగితే గ్యాసు పోయినట్టు, పాత్రలు కడిగిన నీళ్ళలా చప్పగా ఉంటుంది. కూల్‌డ్రింకూ, బీరూ అంతే. సోడాలో జిల్లుమనిపించేది బుడగలే అనుకుంటాం. నిజానికి పులుపు తెలిసే కణాల మీద ఉన్న కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ 4 అనే రకం ఆ గ్యాసును పట్టి నాలుకకు చెబుతుందని 2009లో తేల్చారు. ఆ ఎంజైమ్‌ను మందు మూసేస్తే బుడగలున్నా రుచి రాదు. షాపువాడు పాత సోడా అంటగట్టాడని గొడవపడకండి.

ఆకలి తగ్గడం, నీరసం, కడుపులో తిప్పడం కూడా ఉంటాయి, పెద్ద మోతాదుల్లో ఎక్కువగా. మొదటిసారి వాడేవాళ్ళు ప్రయాణానికి రెండు వారాల ముందు ఇంటి దగ్గర ఒకటి రెండు రోజులు వేసుకుని చూసుకుంటే, పైకి పోయాక "ఇది ఎత్తు వల్లా, మందు వల్లా" అన్న గందరగోళం ఉండదు. తలనొప్పికి పారాసెటమాల్ వాడండి. ఆస్పిరిన్ పెద్ద మోతాదులో దీనితో కలిస్తే రక్తం మరీ ఆమ్లమవుతుంది, ఆస్పిరిన్ మెదడులోకి ఎక్కువగా పోతుంది. ప్రమాదకరమైన జోడీ అది.

కంటికి

దీని పేరు నిలబెట్టింది కళ్ళే. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో కంటి డాక్టరు బెర్నార్డ్ బెకర్ 1954లో నీటికాసులకు దీన్ని వాడి చూపించాడు. కంట్లో ఊరే నీటిని దాదాపు సగానికి తగ్గిస్తుంది. మామూలు బిళ్ళ గంట, గంటన్నరలో పని మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు గంటల్లో గరిష్ఠానికి చేరి, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నిలుస్తుంది. రోజుకు 1,000 మి.గ్రా. దాటిస్తే కంటి ప్రెజర్ ఇంకా తగ్గేదేమీ ఉండదు.

శుక్లాల ఆపరేషన్ అయిన రాత్రి ప్రెజర్ ఎగబాకకుండా ఒకటి రెండు బిళ్ళలు రాస్తారు. ఇదే దీనికి సరైన కొలువు, నూటికి నూరు. ఉన్నట్టుండి కన్ను ఎర్రబడి, పగిలిపోయేంత నొప్పి, బల్బుల చుట్టూ రంగుల వలయాలు, వాంతులు వచ్చే నీటికాసుల దాడిలో డాక్టర్లు మామూలు 250 బిళ్ళలు రెండు కలిపి 500 ఒకేసారి ఇస్తారు. వాంతి అయితే నరానికి ఇంజెక్షన్. ఎస్ఆర్ రకం ఇక్కడ పనికిరాదు, అది మేలుకునేసరికి కంటి నరం దెబ్బతింటుంది. ఇందులో తరచూ జరిగే పొరపాటు వాంతులు చూసి గ్యాస్ట్రిక్ అనుకోవడం, తలనొప్పి చూసి మైగ్రేన్ అనుకోవడం. ఎర్రగా ఉన్న కన్ను, వాంతులు కలిసి వస్తే పోవలసింది కంటి ఆసుపత్రికి. మందు ప్రెజర్ దించేది తాత్కాలికంగానే. దాని వెనకే లేజర్‌తో కంటిలో చిన్న దారి తీస్తారు, అసలు వైద్యం అది.

ఇంజెక్షన్ గురించి ఒక మాట. 500 మి.గ్రా. వయల్‌లో కనీసం 5 మి.లీ. ఇంజెక్షన్ నీళ్ళు కలపాలి, నరానికే ఇవ్వాలి. ద్రావణం బాగా క్షారం, పీహెచ్ సుమారు 9.2. కండకు పొడిస్తే మంట భరించలేరు, నరం పక్కకు కారితే చర్మం కుళ్ళే ప్రమాదం ఉంది.

నీటికాసులకు ఏడాదంతా ఈ బిళ్ళే మింగుతూ ఉండాలంటే మాత్రం మార్కులు బాగా తగ్గించాలి. నీరసం, ఆకలి చచ్చిపోవడం, బరువు తగ్గడం, కిడ్నీలో రాళ్ళు. పెద్దవాళ్ళు "వయసైపోయింది కదా" అనుకుంటూ ఉంటారు, అది మందు పని అని ఎవరికీ తట్టదు. అందుకే ఇదే ఎంజైమ్‌ను కంట్లోనే మూసే చుక్కల మందులు వచ్చాయి: 1990ల మధ్యలో డార్జోలమైడ్ 2 శాతం, 1998లో బ్రింజోలమైడ్ 1 శాతం. డార్జోలమైడ్ కాస్త ఆమ్లం కాబట్టి వేయగానే చురుక్కుమంటుంది. బ్రింజోలమైడ్ మండదు కానీ తెల్లటి సస్పెన్షన్, కాసేపు చూపు మసకగా ఉంటుంది. సీసా బాగా ఊపకుండా వేస్తే మొదట్లో నీళ్ళూ, చివర్లో మందు ముద్దా పడతాయి. రెండూ గొంతులోకి దిగితే చేదు. చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు వైపు కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టుకుంటే చేదూ రాదు, మందూ వృథా కాదు. ఇంకో చుక్కల మందు ఉంటే ఐదు నుంచి పది నిమిషాలు ఆగి వేయాలి. బిళ్ళకు ఉన్నంత బలం చుక్కలకు లేదు, ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకు మాత్రం చుక్కలే నయం.

ఆ ఒక్క మినహాయింపు

మెదడు చుట్టూ ఉండే నీటి ప్రెజర్ కారణం తెలియకుండా పెరిగే జబ్బు ఒకటుంది. ఎక్కువగా బరువు పెరిగిన వయసు ఆడవాళ్ళకు వస్తుంది. తలనొప్పి, చెవుల్లో గుండె చప్పుడు, వంగితే చూపు ఒక్క క్షణం నల్లబడటం, కంటి నరం వాపు. దీనికి డయామాక్స్ నెలల తరబడి, పెద్ద మోతాదులో వాడతారు. 2014లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన అమెరికా పరీక్షలో 165 మందికి ఉప్పు తగ్గించి బరువు తగ్గించే ఆహారం పెట్టి, సగం మందికి డయామాక్స్‌ను రోజుకు 4 గ్రాముల దాకా పెంచుతూ ఆరు నెలలు ఇచ్చారు. అంటే 250 బిళ్ళలు పదహారు. చూపు పరిధి మందు తీసుకున్నవాళ్ళలో 1.43 డెసిబెల్స్ (ఇక్కడ ఇది చూపు కొలత, శబ్దానిది కాదు), మిగతావాళ్ళలో 0.71 మెరుగైంది. పెద్ద అద్భుతం కాదు, కానీ చూపు విషయంలో ఆ తేడా కూడా విలువైనదే. ఇక్కడ మందు ఒక్కటే వేసుకుని బరువు సంగతి వదిలేస్తే సగం వైద్యం మానేసినట్టే. మోతాదు వారానికి కొంచెంగా పెంచాలి. మొదటి రోజే నాలుగేసి బిళ్ళలు మింగితే రెండో రోజుకే మందు మీద విరక్తి పుడుతుంది.

గుండె, ఐసీయూ

మూలకు పడ్డ ఈ పాత మందును 2022లో బెల్జియం గుండె డాక్టర్లు మళ్ళీ బయటికి తీశారు. ఒంట్లో నీరు నిండి ఆసుపత్రిలో చేరిన 519 మందికి నీళ్ళు లాగే మామూలు ఫ్రూసమైడ్ తరహా ఇంజెక్షన్లతో పాటు సగం మందికి రోజుకోసారి 500 మి.గ్రా. ఎసిటజోలమైడ్ నరానికి ఇచ్చారు. మూడు రోజుల్లో నీరు పూర్తిగా దిగినవాళ్ళు మందుతో 42.2 శాతం, లేకుండా 30.5 శాతం. ఆసుపత్రిలో ఉండే కాలం ఒక రోజు తగ్గింది. మూడు నెలల్లో చనిపోవడం, మళ్ళీ చేరడం మాత్రం తగ్గలేదు. మందు గుణం తెలిసినవాళ్ళు వేసిన పరీక్ష అది, మూడు రోజులే అడిగారు, మూడు రోజుల పనే చేసింది. ఒక లోటు ఉంది. ఇప్పుడు గుండె జబ్బులో చాలామందికి రాస్తున్న, పేరు చివర గ్లిఫ్లోజిన్ అని వచ్చే మందులు వాడేవాళ్ళను ఆ పరీక్షలో తీసుకోలేదు. కాబట్టి ఆ ఫలితాన్ని ఈనాటి రోగికి నేరుగా అతికించలేం.

ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్న సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు) రోగుల విషయంలో ఆశ నెరవేరలేదు. ఫ్రాన్స్‌లో 382 మందితో చేసి 2016లో ప్రచురించిన పరీక్షలో రక్తంలో బైకార్బొనేట్ దిగింది, వెంటిలేటర్ మీద ఉండే సమయం మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. కాగితం మీద అంకె బాగుపడితే మనిషి బాగుపడినట్టు కాదని ఈ మందే రుజువు చేసింది.

వద్దనవలసినవాళ్ళు

లివర్ గట్టిపడిన సిర్రోసిస్ రోగులు మొదట. మూత్రం క్షారమైతే అమ్మోనియా బయటికి పోకుండా రక్తంలోకి మళ్ళి, మనిషి మత్తులోకి పోతాడు. తర్వాత కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళు. మందు మారకుండా కిడ్నీ నుంచే బయటికి పోతుంది కాబట్టి పేరుకుపోతుంది. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకు ఒకటి రెండు బిళ్ళలకే తికమక, మగత వచ్చే ప్రమాదం ఉంది. ఉద్దానం ప్రాంతం వాళ్ళు యాత్రకైనా కంటి ఆపరేషన్‌కైనా ఈ బిళ్ళ వేసుకునే ముందు క్రియాటినిన్ చూపించుకోవాలని గట్టిగా చెప్పడం అందుకే. అక్కడ ఏ లక్షణాలూ లేకుండానే కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళు ఎక్కువ. సోడియం, పొటాషియం తక్కువున్నవాళ్ళు, అడ్రినల్ గ్రంథి జబ్బు ఉన్నవాళ్ళు, గర్భం మొదటి నెలల్లో ఉన్నవాళ్ళు కూడా దూరంగా ఉండాలి.

సికిల్ సెల్ ఉన్నవాళ్ళ సంగతి మన ఏజెన్సీ ప్రాంతాల్లో గుర్తుపెట్టుకోవాలి. దెబ్బ తగిలి కంటిలో రక్తం నిలిచినప్పుడు ప్రెజర్ దించడానికి చేయి మొదట డయామాక్స్ మీదికే పోతుంది. కానీ రక్తం ఆమ్లమైతే ఎర్రకణాలు కొడవళ్ళలా మారడం ఎక్కువవుతుంది. ఆ జబ్బు ఉన్నట్టు తెలిస్తే ముందే చెప్పాలి.

సల్ఫా ఎలర్జీ గురించి భయం ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఉంది. ఇది సల్ఫా కుటుంబానిదే కానీ, సెప్ట్రాన్ లాంటి యాంటీబయాటిక్స్‌లో ఎలర్జీ రేపే భాగం దీనిలో లేదు. దద్దుర్లు మాత్రమే వచ్చినవాళ్ళకు డాక్టరు చూస్తూ ఉండగా ఇవ్వవచ్చు. సల్ఫా వల్ల చర్మం ఊడిపోయేంత, నోరంతా పుళ్ళయ్యేంత జరిగి ఉంటే మాత్రం దీని జోలికి పోవద్దు. అలాంటి చరిత్ర లేనివాళ్ళలోనూ జ్వరంతో దద్దుర్లు, నోటి పుళ్ళు మొదలైతే ఆ పూటే ఆపేయాలి. ఇంకో అరుదైన సంగతి: బిళ్ళ వేసుకున్న కొన్ని గంటలకో మర్నాటికో రెండు కళ్ళకూ దూరం చూపు హఠాత్తుగా మసకబారి ప్రెజర్ పెరిగితే, కారణం ఈ మందే కావచ్చు. దానికి మోతాదు పెంచితే అగ్నికి ఆజ్యమే.

మూర్ఛకూ మైగ్రేన్‌కూ ఇచ్చే టోపిరామేట్ వేసుకునేవాళ్ళు గమనించాలి, అదీ ఇదే ఎంజైమ్‌ను కొంత మూస్తుంది. రెండూ కలిస్తే రాళ్ళు త్వరగా పడతాయి. ఫెనిటాయిన్, లిథియం, సైక్లోస్పోరిన్ వేసుకుంటుంటే డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకండి.

షాపులో

ఇది ప్రిస్క్రిప్షన్ మీదే ఇవ్వాల్సిన మందు. స్ట్రిప్ చేతికి రాగానే బ్రాండు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. డయామైక్రాన్ అనే షుగర్ బిళ్ళ పేరు కూడా ఇలాగే మొదలవుతుంది. షుగర్ లేనివాళ్ళు కొండ మీద అది మింగితే కళ్ళు తిరిగి పడిపోతారు, చుట్టూ ఉన్నవాళ్ళు ఎత్తు జబ్బే అనుకుంటారు. ఎస్ఆర్ అని ఉంటే అది సగానికి విరిచేది కాదు, నమిలేదీ కాదు. 125 రాసిన చీటీకి ఎస్ఆర్ 250 ఇచ్చి "సగం వేసుకోండి" అంటే తిరిగి ఇచ్చేయండి. డయామాక్స్ లేదని ఫ్రూసమైడ్‌నో టార్సెమైడ్‌నో "ఇదీ నీళ్ళ మాత్రే" అని ఇస్తే అసలే తీసుకోవద్దు. అవి ఒంట్లో నీళ్ళు పిండేస్తాయి, ఎత్తుకు అలవాటు పడటానికి ఏమాత్రం సాయం చేయవు.

వారం దాటి వాడేవాళ్ళు రోజుకు రెండున్నర, మూడు లీటర్ల నీళ్ళు తాగాలి, గుండె కిడ్నీ డాక్టర్లు నీళ్ళు తగ్గించమని ఉంటే తప్ప. మూత్రం క్షారమై, సిట్రేట్ తగ్గి, కాల్షియం ఫాస్ఫేట్ రాళ్ళు పడేది నీళ్ళు తక్కువైనప్పుడే. నెలల తరబడి వాడేవాళ్ళకు సోడియం, పొటాషియం, బైకార్బొనేట్, క్రియాటినిన్, రక్తకణాల లెక్క మొదట్లో ఒకసారి, ఆ తర్వాత డాక్టరు చెప్పిన గడువుకు.

పరిశోధనలో ఈ కుటుంబం మళ్ళీ కదులుతోంది. నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు మాస్కు మెషిన్ పెట్టుకోలేనివాళ్ళ కోసం సల్థయామ్ అనే పాత మూర్ఛ మందును యూరప్‌లో పరీక్షించారు, ఫలితాలు 2025లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. అది కూడా కార్బోనిక్ అన్‌హైడ్రేజ్‌ను మూసేదే, ఊపిరి ఆగే సార్లు తగ్గించింది. అలాగని గురక కోసం ఇంట్లో మిగిలిన డయామాక్స్ తీసి వేసుకోకండి. లేహ్ నుంచి తెచ్చిన నాలుగు బిళ్ళలను వచ్చే ఏడాది కేదార్‌నాథ్‌కు దాచుకోవాలంటే విరిచిన సగాలు పారేసి, మూత చెదరని గుంతల్లో ఉన్నవి మాత్రం ఎండ, తేమ తగలని చోట ఉంచండి. స్ట్రిప్ అంచు కత్తిరించేటప్పుడు గడువు తేదీ ఉన్న ముక్క పోకుండా చూసుకోండి.